డౌన్ సిండ్రోమ్ పిల్లలకు థైరాయిడ్: ఏం కనిపెట్టాలి, మాత్ర ఎలా వేయాలి

మాది గజపతినగరం దగ్గర పల్లె. మా గుంటడికి డౌన్ సిండ్రోమ్, దానితోపాటు థైరాయిడ్. ఇలాంటి పిల్లలున్న అమ్మలకు నేను ముందు చెప్పేది ఇదే: పిల్లాణ్ణి పక్కింటి పిల్లలతో కాదు, పోయినేడు వాడెలా ఉన్నాడో దానితో పోల్చండి.

థైరాయిడ్ తక్కువ పనిచేస్తే వచ్చే మందకొడితనం, మలబద్ధకం, పొడి చర్మం, ఒళ్ళు రావడం చూసి చుట్టాలు "ఆ పిల్లలంతేనమ్మా" అనేస్తారు. తనంతట తాను స్నానానికెళ్ళే గుంటడు ఇప్పుడు పిలిచినా లేవట్లేదంటే అది పుట్టుకతో వచ్చింది కాదు కదా! ఆడపిల్లలకు నెలసరి తేడా వచ్చినా చూపించండి. ఉల్టాగా, బాగా తింటున్నా చిక్కిపోవడం, చెమటలు, గుండెదడ, వణుకు, ఊరికే చిరాకు కనిపిస్తే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందేమో. దానికి ఎక్కువగా కారణం గ్రేవ్స్ అనే జబ్బు.

ఇలా ఎందుకంటే, చాలాసార్లు ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తే థైరాయిడ్ గ్రంథి మీద పడుతుంది. ఈ పిల్లల్లో అది మామూలు పిల్లల్లో కంటే ఎక్కువ. టర్నర్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ లోపం) ఉన్న ఆడపిల్లలకూ అంతే. మనం పెట్టిన తిండి తప్పు కాదు.

పుట్టగానే, 6 నెలలకి, ఏడాదికి, ఆ తర్వాత బాగానే ఉన్నా ఏటా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. మేం పైడితల్లమ్మ సిరిమాను సంబరం అవగానే చేయిస్తాం, మరిచిపోం. యాంటీ టీపీవో (ఒంటి శక్తి థైరాయిడ్ మీద పడుతోందా అని చూసే రక్తపరీక్ష) పాజిటివ్ వస్తే 6 నెలలకోసారి చూస్తారు. టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువుండటం ఈ పిల్లల్లో మామూలే. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చెప్పే ఫ్రీ టీ4 కూడా చూసి, మళ్ళీ పరీక్ష చేయించి, మందు సంగతి డాక్టరు తేలుస్తారు. మెడికల్ షాపులో అడిగి మొదలెట్టకండి.

థైరాయిడ్ తక్కువైతే ఇచ్చే మందు లీవోథైరాక్సిన్. పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసి, అరగంట నుంచి గంట ఆగాలి. మా ఇళ్ళలో తెల్లారితే చోడి అంబలి, టీ. అసలు తగువంతా అక్కడే. నేను మాత్ర సీసా వాడి బ్రష్ పక్కనే పెట్టాను. మాత్ర వేసుకుని క్యాలెండర్లో వాడే టిక్కు పెడతాడు, అమ్మకి చూపిస్తాడు. అంబలి ఆ తర్వాతే. మింగలేని పిల్లలకు చెంచా నీళ్ళలో నలిపి వెంటనే పట్టండి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. సీసాను పొయ్యి గట్టు మీద, తడి చోట పెట్టకండి.

డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకు మళ్ళీ పరీక్ష. రక్తమిచ్చే రోజు మాత్ర రక్తం తీశాకే. జుట్టుకని బయోటిన్ విటమిన్ వాడుతుంటే ముందే చెప్పండి, రిపోర్టు తారుమారవుతుంది. నార్మల్ వచ్చిందని మాత్ర ఆపేవాళ్ళున్నారు. మాత్ర వల్లే నార్మల్ వచ్చింది తల్లీ!

రక్తం తీయడానికి ఏడ్చే పిల్లాడికి ముందు నీళ్ళు బాగా తాగించండి, నరం దొరుకుతుంది. వాడికి చెప్పకుండా పట్టుకుంటే మాత్రం వచ్చే ఏడు ల్యాబ్ గుమ్మం ఎక్కడు.