పాత 32-బిట్ బిల్లింగ్ ప్రోగ్రాం కొత్త ఉబుంటులో నడవకపోతే
చిత్తూరు బెల్లం మండీలోనో, తిరుపతి గాంధీ రోడ్డు కొట్లోనో కొత్త 64-బిట్ సిస్టమ్‌లో పాత లైనక్స్ బిల్లింగ్ ప్రోగ్రాం ఎక్కిస్తే, ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటుంది. చాలామంది ఇక్కడే ఫైలును మళ్లీ మళ్లీ కాపీ చేస్తుంటారు. దండగ. లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని నడిపించే 32-బిట్ లోడర్.

టెర్మినల్‌లో ఆ ప్రోగ్రాంపై ‘ఫైల్’ కమాండ్ కొట్టినప్పుడు ‘ఈఎల్ఎఫ్ 32-బిట్’ (అంటే 32-బిట్ ప్రోగ్రాం) అని వస్తే ‘సుడో డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386’ (ఐ386 అంటే 32-బిట్ రకం) కొట్టి, ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ చేయండి (ఇది మరిస్తే ప్యాకేజీలు దొరకవు). తర్వాత ‘లిబ్‌సీ6:ఐ386’, ‘లిబ్‌ఎస్‌టీడీసీ++6:ఐ386’ అనే లైబ్రరీలు (ప్రోగ్రాంకు కావాల్సిన సహాయక ఫైళ్లు) వేయండి. ఇంకా మొరాయిస్తే ప్రోగ్రాంకు కావాల్సిన లైబ్రరీలు చూపే ‘ఎల్‌డీడీ’ కమాండ్‌లో ‘నాట్ ఫౌండ్’ అని చూపించే వాటికీ ఐ386 ప్యాకేజీలే వేయాలి. 64-బిట్‌వి తీసేయకండి, రెండూ పక్కపక్కనే ఉంటాయి.

అప్పటికీ ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తే తంటా కెర్నెల్‌ది (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) కావచ్చు. కెర్నెల్ 6.7 వెర్షన్ నుంచి బూట్ లైన్‌లో (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు కెర్నెల్‌కు ఇచ్చే ఆప్షన్లలో) ‘ఐఏ32_ఎమ్యులేషన్=ఆన్’ పెట్టుకోవచ్చు, 32-బిట్ సపోర్టుతో బిల్డ్ చేసిన కెర్నెల్ అయితేనే.