అందరూ వాడే స్ప్రెడ్‌షీట్‌లో అనుమతి లేని మార్పులు, నకళ్లు జరగకుండా చూసుకోవడం ఎలా?

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వంటి ఊళ్లలో టోకు కిరాణా వ్యాపారం చేసే తెలుగువారి లెక్కలు రాష్ట్ర సరిహద్దుకు రెండు వైపులా నడుస్తుంటాయి. సరుకు పార్వతీపురం, విజయనగరం నుంచి వస్తుంది, బాకీలు ఒడిశా లోపలి గ్రామాల చిల్లర దుకాణాల్లో ఉంటాయి, లెక్క రాసే గుమాస్తాలు తలొక ఊళ్లో ఉంటారు. అందుకే చాలామంది ఖాతా పుస్తకాన్ని పక్కన పెట్టి గూగుల్ షీట్స్‌కు మారారు. ఒకే షీటును నలుగురైదుగురు తెరిచి రాయగలగడం ఎంత సౌకర్యమో, వారిలో ఎవరైనా కొనుగోలు ధరల పట్టికను మరొకరికి పంపగలగడం లేదా ఒక బాకీ అంకెను చెరిపేయగలగడం అంత ప్రమాదం.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. షీటును చూడటం, మార్చడం, నకలు తీసుకోవడం అనేవి మూడు వేర్వేరు పనులు, మూడింటికీ మూడు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. గడులకు తాళం వేశాం కాబట్టి నకలు కూడా ఆగిపోతుందని అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆ తాళం మార్పులను ఆపుతుందే తప్ప నకలును ఆపదు. ఈ పనులన్నీ ఫోనులోని యాప్‌లో కాకుండా కంప్యూటర్ బ్రౌజర్‌లో చేయడం మంచిది.

1. రహస్యాన్ని వేరే ఫైలులో పెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, అయినా ఎక్కువమంది దీన్నే దాటేస్తారు. చింతపండు, పసుపు, కందిపప్పు అంటూ సరుకుల పేర్లు ఒక నిలువు వరుసలో, కొనుగోలు ధర రెండో వరుసలో, అమ్మకపు ధర మూడో వరుసలో ఉన్నాయనుకుందాం. రెండో వరుసను హైడ్ చేస్తే గుమాస్తాకు కనిపించదని యజమాని ధీమాగా ఉంటారు. కానీ ఎడిటర్ హోదా (షీటును మార్చే వీలు) ఉన్న గుమాస్తా ఒక్క నొక్కుతో దాన్ని మళ్లీ తెరవగలరు. చూడటానికి మాత్రమే వీలున్న వ్యూయర్ అయినా, నకలు తీసుకునే వీలుంటే, తన నకలులో దాన్ని తెరుచుకోగలరు. కనుక కొనుగోలు ధరలు, లాభం లెక్క మీ ఒక్కరి దగ్గరే ఉండే ఫైలులో ఉండాలి, గుమాస్తాలతో పంచుకునే ఫైలులో సరుకు, అమ్మకపు ధర, బాకీ మాత్రమే ఉండాలి.

ఈ రెండు ఫైళ్లను, ఒక ఫైలులోని అంకెలను మరో ఫైలులోకి లాగే ఇంపోర్ట్‌రేంజ్ ఫార్ములాతో కలిపేటప్పుడు దిశ చూసుకోవాలి. గుమాస్తాలు రాసే ఫైలులోకి మీ రహస్య ఫైలు నుంచి అమ్మకపు ధరలను లాగితే, అందుకు మీరు ఒకసారి ఇచ్చిన అనుమతి ఆ వరుసకే పరిమితం కాదు. గుమాస్తాల ఫైలులో ఎడిటర్‌గా ఉన్న ఎవరైనా అదే ఫార్ములాలోని చిరునామా మార్చి మీ కొనుగోలు ధరలను కూడా తెచ్చుకోగలరు. అందువల్ల లాగడం ఎప్పుడూ మీ ఫైలులోకే జరగాలి. అమ్మకపు ధరలను గుమాస్తాల ఫైలులో చేత్తో నింపడం కాస్త శ్రమే అయినా అదే క్షేమం.

ఖాతాదారుల ఆధార్ నంబర్లను ఏ ఫైలులోనూ పెట్టకండి. బాకీ వసూలుకు వాటి అవసరమే లేదు.

2. షేర్ బటన్ దగ్గర జాగ్రత్త పడండి

ఫైలు తెరిచి కుడివైపు పైన ఉన్న షేర్ బటన్ నొక్కి, జనరల్ యాక్సెస్ కింద ‘రెస్ట్రిక్టెడ్’ అని ఉందో లేదో చూడండి. అక్కడ ‘ఎనీవన్ విత్ ది లింక్’ అని ఉంటే, మీ వాట్సాప్ గ్రూపులో పెట్టిన లింకు ఎవరి చేతికి చేరినా ఫైలు వారికీ తెరుచుకుంటుంది. తరువాత ఒక్కొక్కరి ఈమెయిల్ చేర్చి, ధరలు చూస్తే చాలనే వారికి వ్యూయర్, సందేహం రాసి పంపేవారికి కామెంటర్, రోజూ లెక్క నింపేవారికి మాత్రమే ఎడిటర్ హోదా ఇవ్వండి.

అదే పెట్టెలో పళ్లచక్రం గుర్తు నొక్కితే రెండు టిక్కులు కనిపిస్తాయి. ఎడిటర్లు అనుమతులు మార్చి ఇతరులతో పంచుకునే వీలును ఒకటి, వ్యూయర్లు, కామెంటర్లు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకునే వీలును మరొకటి ఇస్తాయి. రెండూ తీసేయండి. రెండో టిక్కు ఎడిటర్లకు వర్తించదని మాత్రం గుర్తుంచుకోవాలి, అంటే ఎడిటర్ హోదా ఇచ్చిన మనిషికి నకలు తీసే వీలు కూడా ఇచ్చినట్టే. వ్యూయర్ సైతం తెరను ఫోనుతో ఫొటో తీయవచ్చు, దాన్ని ఏ సెట్టింగూ ఆపలేదు. మొదటి మెట్టును అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

3. గడులకు తాళం వేయండి

డేటా మెనూలో ‘ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్’ తెరిచి, ‘షీట్’ ఎంచుకుని, ‘ఎక్సెప్ట్ సర్టెన్ సెల్స్’ దగ్గర గుమాస్తాలు నింపవలసిన గడులను మాత్రమే చేర్చండి. తాళం వేయవలసిన గడులను ఏరుకుంటూ పోవడం కన్నా, మొత్తానికి తాళం వేసి అవసరమైనవి విప్పడం మేలు, ఎందుకంటే మొదటి పద్ధతిలో మొత్తాలు లెక్కకట్టే గడి ఏదో ఒకటి మరిచిపోవడం ఖాయం. ఆ తరువాత ‘సెట్ పర్మిషన్స్’ నొక్కి ‘ఓన్లీ యూ’ ఎంచుకోండి. హెచ్చరిక మాత్రమే చూపే మరో ఎంపిక కూడా ఉంది. అది పొరపాటున తగిలే చేతిని ఆపుతుంది కానీ కావాలని మార్చేవారిని ఆపదు.

తాళం లేని చోట జరిగే నష్టం చాలావరకు దురుద్దేశంతో జరిగేది కాదు. బాకీల వరుసను ఒక్కదాన్నే ఎంచుకుని పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేస్తే, అంకెలు కదులుతాయి, పేర్లు కదలవు. గుణుపూర్ దుకాణం బాకీ పర్లాకిమిడి దుకాణం ఎదుట నిలబడుతుంది, మొత్తం మాత్రం సరిగ్గానే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. గుమాస్తాలకు ఫిల్టర్ వ్యూ వాడటం నేర్పండి. అందులో క్రమం మారేది వారి తెర మీదే, అసలు పట్టిక చెక్కుచెదరదు.

మన జిల్లాల్లో మరో చిక్కు కూడా ఉంది. ఒకే దుకాణం పేరును ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో, మరొకరు ఇంగ్లీషులో రాస్తే మూడు ఖాతాలవుతాయి. డేటా మెనూలోని డేటా వాలిడేషన్‌లో పేర్ల డ్రాప్‌డౌన్ (ఎంచుకునే జాబితా) పెట్టి, జాబితాలో లేనిదాన్ని తిరస్కరించే ‘రిజెక్ట్ ది ఇన్‌పుట్’ ఎంచుకుంటే సరిపోతుంది.

4. మార్పుల చరిత్ర చూస్తూ ఉండండి

ఏదైనా అంకె మీద అనుమానం వస్తే ఆ గడి మీద కుడి నొక్కు నొక్కి ‘షో ఎడిట్ హిస్టరీ’ తెరవండి. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను మార్చారో కనిపిస్తుంది. ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీలో మొత్తం షీటు పాత రూపాలు ఉంటాయి, వాటిలో కావలసినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. నెల లెక్క ముగిసిన రోజున ఆ రూపానికి ఒక పేరు పెట్టి ఉంచితే తరువాత వెతుక్కునే పని తప్పుతుంది. ఇవన్నీ పనికి రావాలంటే ప్రతి గుమాస్తాకూ సొంత ఈమెయిల్ ఉండాలి. దుకాణం పేరుతో ఒకే ఖాతా తెరిచి పాస్‌వర్డ్ అందరికీ చెబితే చరిత్రలో ఒకే పేరు కనిపిస్తుంది.

ఎక్సెల్ వాడేవారు రివ్యూ ట్యాబ్‌లో ‘ప్రొటెక్ట్ షీట్’ నొక్కి పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన ఫైలు భద్రమని అనుకోకూడదు. అది కూడా మార్పులకు వేసే తాళమే. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ కావాలంటే ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్‌ల మీదుగా వెళ్లి ‘ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్’ ఎంచుకోవాలి. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి ఇవ్వలేదు కాబట్టి దాన్ని ఇంట్లో కాగితం మీద రాసి పెట్టుకోండి.

5. మనిషి పని మానేసిన రోజున

గుమాస్తా పని మానేసిన రోజే షేర్ పెట్టెలో అతని పేరు తీసేయండి. అంతకుముందే ఫైలు ఎవరి పేరున ఉందో చూసుకోండి, ఎందుకంటే చాలా దుకాణాల్లో షీటును మొదట తయారుచేసింది గుమాస్తాయే, దాని ఓనరూ అతనే. ఓనర్‌ను మీరు తీసేయలేరు. అతను ఉద్యోగంలో ఉండగానే ఓనర్‌షిప్‌ను మీ ఖాతాకు బదిలీ చేయించుకుని, మీ ఖాతాకు టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తరువాత మరో తనిఖీ) పెట్టుకోవాలి. చివరగా ఫైల్ మెనూలో షేర్ కింద ఉన్న, షీటును వెబ్ పేజీగా బయటపెట్టే ‘పబ్లిష్ టు వెబ్’ తెరిచి చూడండి. ఎప్పుడో ఎవరో ఆ బటన్ నొక్కి ఉంటే, షేర్ పెట్టెలో పేర్లు ఎన్ని తీసేసినా ఆ పేజీ తెరుచుకుంటూనే ఉంటుంది, దాన్ని అక్కడే విడిగా ఆపాలి.