ల్యాబ్ సామాను కోసం కంపెనీకి దరఖాస్తు: తీర్మానం దగ్గర జాగ్రత్త

మ్యాథ్స్ కిట్లు, సైన్స్ ల్యాబ్ సామాను కంపెనీల చేత ఇప్పిస్తానంటూ ముందుగా ‘ఫైలు ఖర్చు’ అడిగే మనిషి మీ బడికి వస్తే నమ్మకండి. శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు ఒక హెచ్‌ఎం గారు సొంత జేబులోంచి ఇచ్చి మోసపోయారు. ఈ దరఖాస్తుకు ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) పనులకు ఖర్చు పెట్టాలి. తన చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ అందులోనే ఉంది. కాబట్టి రణస్థలం మండలంలోని పైడిభీమవరం ఫ్యాక్టరీలను పక్క ఊరి సర్కారు బడి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

నమోదు తేలికే. కేంద్ర విద్యాశాఖ వారి విద్యాంజలి పోర్టల్‌లో ప్రతి బడికీ సర్కారు ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్‌తో చేరి, కావలసిన వస్తువులు పెట్టండి. అదే జాబితాతో దగ్గరి కంపెనీ సీఎస్ఆర్ విభాగానికి ఉత్తరం ఇచ్చి, ఎంఈవో, డీఈవోలకు చెరో కాపీ పంపండి.

దరఖాస్తు ఆగిపోయేది స్కూల్ కమిటీ తీర్మానం దగ్గర. నేను చూసిన ఒక మినిట్స్ బుక్కులో ‘సైన్స్ ల్యాబ్‌కు తగిన సాయం కోరుతూ తీర్మానించడమైనది’ అని ఒక్కటే వాక్యం. కింద రెండు సంతకాలు, ఒక వేలిముద్ర. తేదీ లేదు. దాన్ని చూసి ఎవరైనా ఏం లెక్క కట్టగలరు? ఆ దరఖాస్తు వెనక్కి వచ్చేసింది. దానికి బదులు ఇలా రాయాలి: ‘పదో తరగతిలో 42 మంది. ఆరుగురికో జట్టు చొప్పున 7 జట్లు. జట్టుకొక అమ్మీటరు, వోల్ట్‌మీటరు, కుంభాకార కటకం, దాని స్టాండు.’ ఆ 42 యూడైస్‌లో మీ బడి పేరిట నమోదైన పిల్లల సంఖ్యతో సరిపోవాలి. సామాను ఏ గదిలో పెడతారో, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అందులోనే రాయండి. వేలిముద్ర చెల్లదేమోనని తల్లులు టెన్షన్ పడుతుంటారు. చెల్లుతుంది, పక్కనే పేరు రాస్తే చాలు.

మధ్యలో స్వచ్ఛంద సంస్థ ఉంటే, కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అది ‘సీఎస్ఆర్’ అక్షరాలతోనే మొదలవుతుంది. చూపించకుండా నాన్చితే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

సామాను దిగిన రోజే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, రశీదు కంపెనీకి పంపండి. ఇన్‌స్పెక్షన్ దాకా అట్టపెట్టెల్లో దాచొద్దు, ఆ వారంలోనే పిల్లల చేతికివ్వండి.