ఇల్లు అమ్మే రోజుల్లో పిల్లి వాసన వదిలించిన విధం

పర్లాకిమిడిలో మా పాత ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, పాతపట్నం నుంచి చూడటానికి వచ్చినవాళ్లు హాలు దాటకుండానే ముక్కు మూసుకున్నారు. మా పిల్లులు మూల గదిలో గోడ వారగా మూత్రం పోసేవి. ఇంట్లో ఉండేవాళ్ల ముక్కుకు ఆ వాసన అలవాటైపోతుంది. అందుకే పక్కింటి వదినను పిలిచి, ఎక్కడెక్కడ వస్తోందో చూపించమన్నాను.

పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు నీటిలో సరిగా కరగవు. కడిగితే పోయినట్టే ఉండి, వానాకాలపు తేమకు మళ్లీ వాసన లేస్తుంది. ఫినాయిల్ దాన్ని కప్పుతుందే తప్ప తీయదు; ఫినాల్ అనే రసాయనం ఉన్న రకాలైతే పిల్లులకు విషం. బ్లీచింగ్ పౌడర్ అసలే వద్దు, మూత్రంలోని అమోనియాతో కలిస్తే ఊపిరాడనివ్వని వాయువు పుడుతుంది. పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే, మూత్రపు మరకను విడగొట్టే ఎంజైము ద్రావణం తెచ్చి, గచ్చు బాగా తడిసేలా పోసి, దానంతట అదే ఆరేదాకా వదిలేశాను. పగుళ్ల దగ్గర మళ్లీ మళ్లీ పోయాల్సి వచ్చింది. వాసన పోయింది.

కొనేవాళ్లు వచ్చే ముందు పిల్లులను బుట్టలో పెట్టి, అవి పడుకునే పాత దుప్పటితో సహా వదిన ఇంటికి పంపేదాన్ని. తలుపులు తెరిచి ఉంటే కొత్త మనుషులకు బెదిరి పారిపోతాయని నా భయం. ధర గురించిన దిగులు దాని ముందు చాలా చిన్నది.