టోపీ పెట్టినా ఎండ తగులుతోందా? సమస్య - పరిష్కారం

మార్చి దాటితే చాలు, నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా రోడ్డు పక్కన బండ్ల మీద టోపీలు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. నూటికో నూటయాభైకో ఒకటి కొని నెత్తిన పెట్టుకుంటాం. వారం తిరక్కుండానే అది బండి డిక్కీలోకో, గోడ మేకుకో చేరుతుంది. చెమట పడుతోందనో, గాలికి ఎగిరిపోతోందనో, పెట్టుకున్నా చుర్రుమంటూనే ఉందనో చెప్పి టోపీ దండగని తేల్చేస్తాం. చాలాసార్లు తప్పు టోపీది కాదు. ఆ వేళ ఎండకు, ఆ ఊరి గాలికి ఆ టోపీ సరిపడదు, అంతే. ఏ ఇబ్బంది ఎందుకు వస్తుందో విడివిడిగా చూద్దాం.

ముఖం బాగానే ఉంది, చెవులూ మెడా మాడిపోయాయి

ఎక్కువ మంది చెప్పేది ఇదే. కారణం కోసం వెతకనక్కర్లేదు, పెట్టుకున్నది క్రికెట్ క్యాప్. కళ్లలో ఎండ పడకుండా చూడటం వరకే దాని పని. చెవులు, దవడలు, మెడ వెనక భాగం దానికి పట్టవు.

అసలు మన దగ్గర ఎండ ఏ వైపు నుంచి పడుతుందో చూడండి. ఏప్రిల్ చివర్లో నెల్లూరులో, మే మొదట్లో ఒంగోలులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆగస్టు రెండో వారంలో మళ్లీ అదే పరిస్థితి. ఆ వేళ చుట్టూ అంచున్న టోపీ ఏదైనా ముఖాన్నీ మెడనూ కాస్తుంది. తంటా అంతా పొద్దున తొమ్మిదికీ, సాయంత్రం నాలుగుకీ. ఎండాకాలంలో తొమ్మిది ప్రాంతంలో సూర్యుడు 45 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాడు. అప్పుడు అంచు ఎంత వెడల్పుంటే నీడ అంతే కిందికి దిగుతుంది. 5 సెంటీమీటర్ల అంచుకు 5 సెంటీమీటర్ల నీడ, అంటే కళ్లు దాటి ముక్కు దాకా వస్తే గొప్ప. నాలుగు దాటి సూర్యుడు 30 డిగ్రీలకు దిగాడంటే, ఏడున్నర సెంటీమీటర్ల అంచు కూడా నాలుగున్నర సెంటీమీటర్లకు మించి నీడ ఇవ్వదు. ఎండ తగ్గిందనుకుని సాయంత్రం క్రికెట్టుకు వెళ్లిన పిల్లలు బుగ్గలు కందిపోయి వచ్చేది ఇందుకే.

కాబట్టి చుట్టూ కనీసం ఏడున్నర సెంటీమీటర్ల అంచు ఉండాలి. టేపు లేకపోతే నాలుగు వేళ్లు జోడించి అంచు మీద పెట్టి చూడండి, దాదాపు అంతే. బకెట్ టోపీ అయితే అంచు కిందికి వాలి ఉంటుంది కాబట్టి 6 సెంటీమీటర్లు చాలు. ఉన్న క్యాపు పారేయడం ఇష్టం లేకపోతే, ముందు పల్చటి నూలు తువ్వాలు తల మీద వేసుకుని, దాని మీద క్యాపు పెట్టి, తువ్వాలు కొసలు చెవుల మీదుగా మెడ వెనక్కి వదలండి. మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లను చూడండి: తలకు తువ్వాలు, చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. షాపుల్లో ఎండ బట్టలని రెండు వేలకు అమ్మేవాటికంటే ఆ ఏర్పాటు నాకు మెరుగ్గా కనిపిస్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లాంటి చోట్ల హెల్మెట్ తీయకూడదు గనక, దాని వెనక తగిలించుకునే మెడ గుడ్డ విడిగా కొనుక్కోవచ్చు.

అంచు పెద్దదే, అయినా ముఖం మంట

దీనికి రెండు కారణాలు. ఒకటి, నీడ ఇవ్వాల్సిన అంచే జల్లెడలా ఉండటం. వదులుగా అల్లిన గడ్డి టోపీలు చూడముచ్చటగా ఉంటాయి. పెట్టుకున్నవాళ్ల బుగ్గల మీద చిన్న చిన్న వెలుగు చుక్కలు పడతాయి, ఫోటోకు బాగుంటుంది. ఆ చుక్క పడిన ప్రతిచోటా ఎండ పడుతున్నట్టే. కొనేటప్పుడు షాపు బయటికి తీసుకొచ్చి టోపీని ఆకాశానికి ఎదురుగా పట్టి లోపలి నుంచి చూడండి. వెలుతురు చుక్కలుగా కనిపిస్తే అది అలంకారానికే. బిగువైన నేత గల నూలు బట్ట, పల్చటి జీన్స్ గుడ్డ, దగ్గరగా అల్లిన తాటాకు నయం. లేబుల్ మీద యూపీఎఫ్ 50 అని ఉంటే, ఆ బట్ట మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతే, అంటే రెండు శాతమే, లోపలికి దిగుతుందని అర్థం. బండి మీద అమ్మే టోపీకి ఆ లేబుల్ ఉన్నా నేను నమ్మను. ఆకాశానికి పట్టి చూసిందే నాకు లెక్క.

రెండో కారణం కింది నుంచి వస్తుంది. మైపాడు, కొత్తపట్నం బీచుల్లో పొడి ఇసుక ఈ కిరణాల్లో 15 శాతం దాకా పైకి తిప్పి కొడుతుంది, అల నురుగు 25 శాతం దాకా. ఇసకపల్లి వైపు ఉప్పు మడుల్లో తెల్లటి ఉప్పు కుప్పల మధ్య, సున్నం వేసిన డాబా మీద కూడా ఈ ఎదురెండ తప్పదు. దీనికి ఏ టోపీ దగ్గరా జవాబు లేదు. అంచు కింది వైపు ముదురు రంగున్నది తీసుకుంటే కళ్లకు జిగేలు తగ్గుతుంది. తెల్లటి అంచు కిందైతే ఆ వెలుగు మళ్లీ ముఖం మీదికే తిరుగుతుంది. మిగతాది సన్‌స్క్రీనూ, చలువ కళ్లజోడూ చూసుకోవాలి. పల్చటి మబ్బుంటే ఫర్వాలేదనుకోకండి, వేడి తగ్గినట్టున్నా ఆ కిరణాలు మబ్బులోంచి చాలావరకు దిగుతాయి.

తల ఉడికిపోతోంది

ఈ ఒక్క మాట మీదే సగం టోపీలు మూలన పడతాయి. కొన్ని మామూలు కారణాలు ఇవి: పాలిస్టర్ బట్ట, లోపల స్పాంజి అతికించిన ముందు భాగం, నల్ల రంగు, మాడుకు అంటుకుపోయేంత తక్కువ ఎత్తు. తలకూ టోపీ పైకప్పుకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ ఉండి, పక్కల గాలి కన్నాలుంటే సగం బాధ తీరుతుంది. బయట లేత రంగు, అంచు కింద ముదురు రంగు, నూలు బట్ట అని గుర్తుపెట్టుకుంటే చాలు.

అయితే మన నెల్లూరు, ఒంగోలు వైపు ఎండ ఒకటే రకం కాదు, ఇది పట్టించుకోకుండా టోపీ కొంటే డబ్బులు వృథా. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు పడమటి గాలి పొడిగా, సెగలా కొడుతుంది. చెమట పట్టినట్టే తెలియదు, పుట్టగానే ఆరిపోతుంది. అక్కడ తడి గుడ్డ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నూలు తువ్వాలు తడిపి, గట్టిగా పిండి, తలకు వేసుకుని దాని మీద టోపీ పెట్టుకుంటే, నీరు ఆరే కొద్దీ తల చల్లబడుతుంది. అదే ఉపాయం అల్లూరు రొయ్యల చెరువుల గట్ల మీదో, కృష్ణపట్నం దగ్గరో చేసి చూడండి. గాల్లో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి తడి ఆరదు, తల మీద వేడి నీళ్ల గుడ్డ మోస్తున్నట్టుంటుంది. కోస్తా పక్క కావాల్సింది గాలి ఆడటం. తలకు తగలకుండా కాస్త ఎత్తుగా నిలిచే గట్టి అల్లిక తాటాకు టోపీ, లేదా నిక్షేపంగా గొడుగు. గొడుగు పట్టుకుంటే నామోషీ అనుకునే మగవాళ్లు ఉక్కపోతలో క్యాపు కింద ఉడికిపోవడం నాకు ఎప్పటికీ అర్థంకాదు.

ఒక్క సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. రోహిణి కార్తెలో ఎంత మంచి టోపీ పెట్టినా వడదెబ్బ తగలొచ్చు, టోపీ ఎండను ఆపుతుంది గాని గాలిలో వేడిని ఆపలేదు. తల తిరగడం, వాంతి, మాట తడబడటం, ఒళ్లు కాలిపోతూ మనిషి అయోమయంగా ఉండటం కనిపిస్తే టోపీ సంగతి పక్కన పెట్టి నీడకు చేర్చండి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

గుండు చేయించుకున్నాక క్యాపు పెట్టినా మాడు కాలింది

వేసవి సెలవుల్లో తిరుమల వెళ్లొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఉండే గొడవే. అన్నేళ్లుగా జుట్టు చాటున ఉన్న చర్మం ఒక్కసారిగా ఎండలో పడుతుంది. గంధం చల్లగా ఉంటుంది గాని దాన్ని నమ్ముకుని ఎండలో తిరగకూడదు. పైగా చాలామంది కొనేది వెనక వల బట్ట ఉన్న క్యాపు. జుట్టున్నవాళ్లకు వల హాయి. గుండుకు మాత్రం వల కన్నాల్లోంచి ఎండ నేరుగా దిగుతుంది. వల లేని మెత్తటి నూలు టోపీ, లోపల కుట్టు గరుకుగా లేనిది కావాలి. చిన్నపిల్లలకైతే గడ్డం కింద తాడు కాకుండా, లాగితే ఊడిపోయే అతుకు పట్టీ ఉన్నది చూడండి. ఆటలో తాడు దేనికైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది. వల లేని టోపీ మాట బట్టతల ఉన్న పెద్దవాళ్లకూ వర్తిస్తుంది.

నుదుటి మీద గీత, కణతల్లో నొప్పి

సైజు చిన్నది. చాలామందికి తమ తల చుట్టుకొలతే తెలియదు. దర్జీ టేపుతో చెవులకు పైన, కనుబొమలకు వేలెడు పైనుంచి తల చుట్టూ కొలవండి, పెద్దవాళ్లకు ఎక్కువగా 55 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. రెండు సైజుల మధ్యలో పడితే పెద్దదే తీసుకోండి, లోపలి పట్టీ వెనక మడిచిన గుడ్డ ముక్క పెట్టి బిగించుకోవచ్చు. పెట్టుకున్నాక ఒక వేలు సులువుగా దూరాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు కళ్లజోడుతోనే కొలత చూసుకోవాలి, కాడ మీద టోపీ నొక్కుకుంటే గంటలో తలనొప్పి మొదలవుతుంది. టోపీ వల్ల జుట్టు ఊడి బట్టతల వస్తుందన్న భయం పెట్టుకోకండి. బాగా బిగుతుగా ఉండి రోజూ వెంట్రుకలను లాగితే తప్ప అలాంటిదేమీ జరగదు.

దురద, వాసన

చెమట, కొబ్బరినూనె, దుమ్ము కలిసి లోపలి పట్టీలో పేరుకుంటాయి. నల్ల టోపీ మీద తెల్లగా వలయంలా కనిపించేది చెమట ఉప్పు. పట్టీ నూలుది కాకపోతే చెమటకాయలు త్వరగా వస్తాయి. రెండు టోపీలు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడితే ఒకటి ఆరుతుంది. ఒకరి టోపీ ఇంకొకరు పెట్టుకోవద్దు. చుండ్రు, తామర ఉంటే మాత్రం టోపీ మార్చడం కాదు, చర్మం డాక్టరును కలవాలి.

గాలికి నిలవడం లేదు

సముద్రపు గాలి మధ్యాహ్నం నుంచి తిరుగుతుంది. వెడల్పు అంచు దానికి తెరచాప. పెద్దవాళ్లైతే గడ్డం కింద తాడు ఉన్నదే కొనండి, లేకపోతే చెవుల దగ్గర రెండు చిన్న రంధ్రాలు చేయించి నాడా కట్టించుకోవచ్చు, చెప్పులు కుట్టేవాళ్లు నిమిషంలో చేసిస్తారు. జడ ఉన్నవాళ్లు వెనక పట్టీని జడ కింద నుంచి తిప్పి పెట్టుకుంటే అదే ఆపుతుంది.

బండి మీద మాత్రం ఏ టోపీ వద్దు, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెటే. హెల్మెట్ కింద క్యాపు పెట్టడం ఇంకా తప్పు. క్యాపు నడిమధ్యన ఉండే గుండీ దెబ్బ తగిలినప్పుడు మాడులోకి దిగుతుంది, హెల్మెట్ కూడా తలకు సరిగా కూర్చోదు. చెమట పీల్చడానికి పల్చటి నూలు గుడ్డ ఒక్క పొర చాలు.

పెట్టుకుంటే ఎబ్బెట్టుగా ఉంది

“ఏందబ్బా, సినిమా షూటింగా?” అన్న ఒక్క ప్రశ్నకే ఎన్నో టోపీలు ఇంట్లో ఉండిపోయాయి. కొంత అలవాటు సంగతి. వీధివాళ్లు నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారు. కొంత మాత్రం నిజంగా టోపీ ఎంపికలోనే ఉంటుంది. అంచు భుజాల కంటే బయటికి పోతే పొట్టివాళ్లు మరీ పొట్టిగా కనిపిస్తారు. గుండ్రటి ముఖానికి పైభాగం కాస్త ఎత్తుగా ఉన్నది, కోల ముఖానికి ఎత్తు తక్కువై అంచు కొంచెం వాలినది నప్పుతుంది. తెల్ల చొక్కా, పంచెకట్టు మీద ఇంగ్లీషు అక్షరాల క్యాపు అతకదు. గోధుమ రంగు, బూడిద రంగు సాదా టోపీ అయితే పంచెకైనా ప్యాంటుకైనా కుదురుతుంది.

చీర కట్టేవాళ్లకు నూలు చీర మీద గడ్డి రంగు టోపీ, చుట్టూ చీర అంచు రంగు రిబ్బను ఒకటి, బాగుంటాయి. పట్టుచీరకు టోపీ వద్దు, గొడుగే అందం. ముడి ఎత్తుగా వేస్తే టోపీ వెనక పైకి లేచి మెడంతా ఎండకు వస్తుంది, జడ వేసుకోండి లేదా ముడి మెడ దగ్గరికి దించండి. మల్లెపూలు పెట్టుకునే రోజు వాటిని టోపీ అంచు కిందికి వచ్చేలా జడలోనే తురుముకోవాలి, లేకపోతే గంటలో నలిగిపోతాయి. పైన తెరిచి ఉండి ముందు అంచు మాత్రమే ఉండే టోపీలు ఉదయపు నడకలో కనిపిస్తుంటాయి. వాటితో పాపిడి మీద ఎండ గీతలా పడి అక్కడ చర్మం కందిపోతుంది.

ఉతికితే ఆకారం పోయింది

చవక టోపీ అంచులో అట్ట ఉంటుంది, తడిస్తే ఇక అంతే. కొనేటప్పుడే అంచును కాస్త వంచి వదలండి. టక్కున వెనక్కి వస్తే లోపల ప్లాస్టిక్, మడత పడిపోతే అట్ట. ప్లాస్టిక్‌దాన్ని చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి చేత్తో ఉతకండి, లోపలి పట్టీని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పిండొద్దు, మెలిపెట్టొద్దు. బోర్లించిన స్టీలు గిన్నె మీద తొడిగి నీడన ఆరబెడితే ఆకారం నిలుస్తుంది. గడ్డి, తాటాకు టోపీలను తడి గుడ్డతో తుడవడమే. ఏడాదికోసారి మళ్లీ ఆకాశానికి పట్టి చూడండి. అరిగి వెలుతురు చుక్కలు కనిపిస్తుంటే దాన్ని సున్నం కొట్టేటప్పుడు వాడుకోవచ్చు, ఎండకు మాత్రం ఇంకోటి కొనుక్కోండి.