పాత కారుకి తాళంచెవులు పోయాయా? డ్రిల్ తీయకండి, ముందు ఇది చదవండి

పాత అంబాసిడరో, పద్మినియో, మన మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డో కొన్నారు. ఆర్‌సీ బుక్ చేతికొచ్చింది, తాళంచెవులు మాత్రం రాలేదు. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండికి తాళంచెవి ఎవరు దాచిపెడతారు చెప్పండి? ఇక అడిగిన ప్రతివాడూ ఇచ్చే సలహా ఒకటే: "ఉన్న తాళాలు డ్రిల్ చేసి పీకేసి కొత్త సెట్ వేయించేయండి సార్." వినకండి. కీ పోయినా దాని కొలతలన్నీ ఆ తాళం కడుపులో భద్రంగానే ఉంటాయి, డ్రిల్ పెడితే అవీ పోతాయి.

ముందు ఒక టార్చి, పాత టూత్‌బ్రష్, ఫోన్ కెమెరా పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరగండి. బ్రిటిష్ డిజైన్ మీద వచ్చిన బండ్లలో ఇగ్నిషన్ తాళం ముఖం మీదే చిన్న అక్షరాల్లో నంబరు కొట్టి ఉండొచ్చు, ఎఫ్‌ఎస్ అనో ఎఫ్‌ఏ అనో మొదలై తర్వాత మూడంకెలు ఉంటాయి. మురికి తుడిచి, లైటు పక్క నుంచి పడేలా పెట్టి ఫోటో తీస్తే కనబడుతుంది. అది దొరికితే సగం టెన్షన్ పోయినట్టే, ఎందుకంటే ఆ సిరీస్ కీలను నంబరు చెబితే చేసి పంపే షాపులు బ్రిటన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ముఖం మీద లేకపోతే డోర్ తాళం, డిక్కీ తాళం బయటికి తీశాక బ్యారెల్ (కీ దూరే గొట్టం లాంటి భాగం) ఒంటి మీద వెతకండి. మధ్యలో ఎవరో ఒక తాళం మార్చి ఉంటే మాత్రం నంబర్లు ఒకదానికొకటి కలవవు, కంగారు పడొద్దు.

నంబరు లేదా? అయితే తాళం విప్పి కీలు చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లాలి. కారుని కాదు, తాళాన్ని. ఫుట్‌పాత్ మీద ఎండలో కూర్చున్న మనిషిని కారు డోరు ముందు వంగి పని చేయమంటే ఓపిక ఎంతసేపుంటుంది? అదే బ్యారెల్ చేతిలో పెడితే వైస్‌లో బిగించుకుని తీరిగ్గా చేస్తాడు. ఆర్‌సీ బుక్ జిరాక్స్ కూడా పట్టుకెళ్లండి. మంచివాళ్లు అడుగుతారు, అడగాలి కూడా.

డోర్ తాళం తీయాలంటే అద్దం పూర్తిగా పైకెత్తి పెట్టి, లోపలి హ్యాండిళ్లు తీయండి. చాలా పాత బండ్లలో స్క్రూ కనబడదు. హ్యాండిల్ వెనకున్న గుండ్రటి రేకుని లోపలికి నొక్కితే చిన్న పిన్ను కనిపిస్తుంది, సన్నటి మేకుతో దాన్ని తోసేస్తే హ్యాండిల్ ఊడొస్తుంది. డోర్ ప్యాడ్ వెనక పాలిథీన్ షీటు ఉంటే చింపకుండా ఒలవండి, వాన నీళ్లు ప్యాడ్‌కి తగలకుండా ఆపేది అదే. బయటి హ్యాండిల్‌ని పట్టుకున్న నట్లు విప్పితే తాళంతో సహా చేతికొస్తుంది. మన సముద్రపు గాలికి అవి తుప్పుపట్టి ఉంటాయి కాబట్టి రాత్రే డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి.

ఇప్పుడు అసలు పని. బ్యారెల్ వెనకున్న క్లిప్ తీస్తే చాలావాటిలో లోపలి ఇత్తడి ముక్క నేరుగా బయటికి జారుతుంది. ఆ పని ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో చేతులు పెట్టి చేయండి, ఎందుకంటే అందులో ఆవగింజంత స్ప్రింగులుంటాయి, ఒకటి ఎగిరిందంటే అంతే సంగతులు. లోపల ఐదారు సన్నటి రేకులు వరసగా ఉంటాయి, కీ లేనప్పుడు స్ప్రింగులు వాటిని ఒక పక్కకి తోస్తాయి. సరైన కీ పెడితే అన్నీ ఇత్తడి ముక్కతో సమానంగా సర్దుకుంటాయి, అప్పుడే అది తిరుగుతుంది. గాడి సరిపోయిన ఖాళీ కీ (ఇంకా పళ్లు కోయనిది) దూర్చి చూడండి, రేకులు రెండో పక్కకి పొడుచుకొస్తాయి. ఏ రేకు దగ్గర పొడుచుకొచ్చిందో అక్కడ ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీయాలి, రెండు రుద్దులు రుద్దడం, మళ్లీ పెట్టి చూడటం. ఎక్కువ అరిగితే రేకు మళ్లీ స్ప్రింగు పక్కకే తేలుతుంది, ఆ కీ ఇక చెత్తబుట్టకే. చెయ్యి తిరిగిన మేస్త్రి అయితే తాళం విప్పడు కూడా, ఖాళీ కీని లోపల పెట్టి అటూ ఇటూ బిగించి తిప్పి, దాని మీద పడ్డ మెరుపు గీతలను వెలుతురులో చూసి అక్కడే అరగదీస్తాడు. చూడముచ్చటైన పని అది.

మొదటి కీ తయారవగానే దాన్నుంచే రెండు కాపీలు చేయించి అసలుది దాచేయండి. కాపీకి కాపీ చేయిస్తే తప్పు పెరుగుతూ పోతుంది.

అన్ని తాళాలకీ ఒకే కీ కావాలంటే రేకులు మార్చుకోవచ్చు. ఇందుకు చెన్నైలో పాత బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో కీ లేని పాత తాళాలు అడగండి, కీ లేదు కాబట్టి బేరానికి దిగుతారు, మనకి కావాల్సింది అందులోని రేకులూ స్ప్రింగులే. రేకుని ఆకురాయితో రుద్ది సరిపెట్టే పద్ధతి కూడా ఉంది, నాకైతే నచ్చదు, తాళం వదులైపోయి స్క్రూడ్రైవర్‌కి కూడా తిరుగుతుంది. కొత్త సెట్ కొనక తప్పకపోతే పాతది చేతిలో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసి, అన్ని తాళాల్లోనూ కీ తిప్పి చూశాకే డబ్బులివ్వండి.

ఇగ్నిషన్ చివర్న ముట్టుకోండి. ముందు బ్యాటరీలో బాడీకి బిగించిన తీగ తీసేయాలి. పాత బ్రిటిష్ బండ్లలో బాడీకి పాజిటివ్ ఉండటం మామూలే, గుర్తు చూసి తీయండి. బ్యాటరీ కోసం బానెట్ ఎలా తెరవాలంటారా, హెరాల్డ్‌కి బానెట్ తాళమే లేదు, రెండు పక్కలా కొక్కేలు తీస్తే ముందు భాగం మొత్తం లేస్తుంది. స్విచ్ వెనక తీగల ఫోటో తీసి, ఒక్కోదానికి టేపు చుట్టి పేరు రాయండి. లూకాస్ (పాత బ్రిటిష్ బండ్లకి ఎలక్ట్రికల్ సామాను చేసిన కంపెనీ) పద్ధతిలో గోధుమరంగు బ్యాటరీ నుంచి వచ్చేది, తెలుపు ఇగ్నిషన్‌ది, తెలుపు మీద ఎర్రగీత స్టార్టర్‌ది. కానీ ఇన్నేళ్లలో ఎంతమంది ఎలక్ట్రీషియన్లు చెయ్యి పెట్టారో, మల్టీమీటర్ పెట్టకుండా రంగుని నమ్మొద్దు.

"కీ బదులు టోగుల్ స్విచ్ పెట్టేద్దాం సార్" అంటారు గ్యారేజీలో. బండిని షెడ్డులో ముందుకీ వెనక్కీ జరపడానికైతే సరే, అలాగే ఉంచేయొద్దు. ఇంజిన్ ఆగాక ఆ స్విచ్ ఆన్‌లో మరిచిపోతే, పాయింట్లు (కాయిల్‌కి కరెంటు ఇచ్చి ఆపే చిన్న స్విచ్) మూసుకుని ఉన్న సమయమైతే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. స్టీరింగ్ లాక్ ఉన్న బండి అయితే దాన్ని విరగ్గొట్టి సగం ముక్క లోపల వదిలేయడం మరీ ప్రమాదం, నడుస్తుండగా పట్టేసిందంటే ఇక స్టీరింగ్ తిరగదు. దాన్ని బిగించిన బోల్టులకి తల ఉండదు, కావాలనే అలా చేస్తారు. మెకానిక్ చేత మొత్తం తీయించి కొత్త బోల్టులతో బిగించాల్సిందే.

బిగించేటప్పుడు తాళాల్లో ఆయిల్ పోయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు, పెన్సిల్ ముల్లు నూరినా పనికొస్తుంది. ఇంకోటి, బండి రెడీ అయ్యాక ఊరంతా చూసేలా డాష్‌బోర్డ్ ఫోటోలు పెడతారు కదా, ఇగ్నిషన్ ముఖం మీది ఆ నంబరు కనబడకుండా చెరిపి పెట్టండి. మీకు కీ చేసిపెట్టిన నంబరు ఇంకొకరికీ చేసిపెడుతుంది.