పచ్చడి సీసాలతో హాలోవీన్ మమ్మీలు

హాలోవీన్ పండగకి ఇంటి ముందు చెక్కిన గుమ్మడికాయ పెడతారు కదా, మా టెక్సాస్ ఎండకి అది పండగ రోజు, అంటే అక్టోబర్ 31 దాకా ఆగదు. వారం తిరక్కుండానే మెత్తబడి బూజు పడుతుంది. అందుకే మా మెట్ల మీద నేను గాజు సీసాలే పెడతాను, వాటికి గుడ్డ చుట్టి మమ్మీల్లా, అంటే ఈజిప్టులో గుడ్డ చుట్టి దాచిన పాతకాలపు శవాల్లా చేసి. ఖాళీ అయిన ఆవకాయ సీసా, పాస్తా సాస్ సీసా, ఏదైనా సరే.

ముందు వేడినీళ్లలో నానబెట్టి లేబుల్ పీకేయండి. మిగిలిన జిగురు మీద వంటనూనె, బేకింగ్ సోడా కలిపి రుద్దితే వచ్చేస్తుంది. తర్వాత సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. జిడ్డున్న గాజుకి ఏదీ అంటుకోదు.

అసలు అందమంతా గుడ్డలోనే ఉంది. మందుల షాపులో దొరికే గాజ్ బ్యాండేజీ (గాయాలకి కట్టే పల్చటి గుడ్డ) మరీ తెల్లగా ఉంటుంది. అలాగే చుడితే పాతకాలపు మమ్మీలా అనిపించదు. చిక్కటి టీ డికాషన్‌లో పావుగంట ముంచి, పిండి, నలిగినట్టే ఆరనివ్వండి. మడతల్లో ముదురుగా, మిగతాచోట లేతగా మరకలు పడతాయి. ఆ తేడానే మనకి కావాలి. తెల్ల జిగురులో కాసిన్ని నీళ్లు కలిపి సీసాకి పూసి, గుడ్డని అడ్డదిడ్డంగా చుట్టండి. ఒక్క పొర చాలు, ఎక్కువైతే వెలుతురు బయటికి రాదు. అంచుల్లో వేలాడే దారాలు కత్తిరించొద్దు. కదిలే ప్లాస్టిక్ కళ్లు పెద్దదొకటి, చిన్నదొకటి అంటిస్తే చూపు భలే వస్తుంది.

సీసా లోపల బ్యాటరీ టీలైటే (చిన్న కొవ్వొత్తిలా ఉండే బ్యాటరీ దీపం) పెట్టండి. కొవ్వొత్తి వద్దే వద్దు. గుడ్డకి ఇట్టే నిప్పంటుకుంటుంది, పైగా చాక్లెట్ల కోసం వచ్చే పిల్లల కాస్ట్యూములు సీసాలని రాసుకుంటూనే వెళ్తాయి. వాన వచ్చేలా ఉంటే సీసాలు లోపలికి తెచ్చేసుకోండి, తెల్ల జిగురు తడికి ఊడిపోతుంది.